పింఛను వచ్చేదాకా వైద్యం ఆపొద్దు

ప్రశ్న: అక్కా, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. మా ఆయన తాపీ మేస్త్రి, వయసు 44. అయిదు నెలల కింద పని దగ్గరే పడిపోయారు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆరోగ్యశ్రీ లేదన్నారు. లక్షా ఎనభై వేలు అయింది, అంతా అప్పే. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు, చెయ్యి మాత్రం లేవడం లేదు. మందులకే నెలకి మూడు వేలు దాటుతోంది. ఫిజియోథెరపీకి రోజుకి మూడొందలు ఇవ్వలేక రెండు నెలల కింద మానేశాం. సచివాలయంలో అడిగితే ఆరు నెలలు దాటాక సదరానికి, అదే వైకల్యం శాతం తేల్చే పరీక్షకి రమ్మన్నారు. మా ఊరి మీదుగా తిరిగే ఒకాయన, ఇప్పుడు ఫిజియోథెరపీ చేయిస్తే వైకల్యం పర్సంటేజీ తగ్గిపోద్ది, ఆపెయ్యండి, నాకు ఇరవై వేలిస్తే మంచం పట్టినవాళ్ళకిచ్చే పదిహేను వేల పింఛను చేయిస్తానంటున్నాడు. మా అత్తగారికి అదే కార్డులో ముసలివాళ్ళ పింఛను వస్తోంది. ఈయన్ని వదిలి మిరపకాయ కోతలకి కూడా వెళ్ళలేకపోతున్నాను. ఆయన ఊరికే ఏడుస్తారు, లేదంటే కోపం. ఎత్తి దించీ నా నడుము పోయింది. పింఛను వస్తే వైద్యం చేయిద్దామని చూస్తున్నాం. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యొద్దు.

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ చివరి మాట. పింఛను వస్తే వైద్యం చేయిద్దామని. దయచేసి ఆ ఆలోచన ఈ రోజే వదిలేయండి. పింఛను దారి వేరు, వైద్యం దారి వేరు. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యానికి సదరం సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆరోగ్యశ్రీకీ అక్కర్లేదు, మీ రైస్ కార్డు చాలు. సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందో, పింఛను ఎప్పుడు మంజూరవుతుందో మన చేతిలో లేదు. పక్షవాతం తర్వాత ఒంటికి మళ్ళీ పట్టు చిక్కడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుంది. అందులో అయిదు నెలలు అయిపోయాయి. ఆ తర్వాత మెరుగవ్వదని కాదు, నెమ్మదిగానైనా అవుతుంది. కానీ ఎదురుచూడ్డానికి ఇది సమయం కాదు.

ఫిజియోథెరపీ చేయిస్తే పర్సంటేజీ తగ్గుతుందన్న మాట సంగతి ముందు తేలుద్దాం. ఈ మాట మీకొక్కరికే చెప్పలేదు, సదరం క్యాంపుల దగ్గర తరచూ వినపడుతుంది. దీన్ని నమ్మి చెయ్యి బిగుసుకుపోయేదాకా ఇంట్లో కూర్చోబెట్టిన కుటుంబాలను నేను చూశాను. ఆయన వయసు 44. ముందింకా ఎన్నో ఏళ్ళు బతకాల్సిన మనిషి. తన గుండీ తను పెట్టుకోవడం, తన అన్నం తను కలుపుకోవడం, ఎవరూ పట్టుకోకుండా బాత్రూముకి వెళ్ళి రావడం అనేవి ఏ పింఛనుకీ సాటి రావు. అవి కొంతైనా తిరిగొస్తే మీరు కోతలకి వెళ్ళగలుగుతారు, ఇంటికి కూలి డబ్బులొస్తాయి. ఇంకో సంగతి, అయిదు నెలలకీ చెయ్యి అస్సలు లేవని మనిషికి వ్యాయామం చేయిస్తే వైకల్యం మొత్తం మాయమైపోదు. వైకల్యం 40 శాతం ఉంటే చాలు, పింఛనుకి అర్హత వస్తుంది. దాని కోసం మనిషిని పాడు చేసుకోనక్కర్లేదు.

పైగా వైద్యం మానేస్తే దరఖాస్తుకే నష్టం. సదరం క్యాంపులో డాక్టరు ఆయన్ని చూసేది కొద్ది నిమిషాలు. అంతకుముందు నెలల్లో ఏం జరిగిందో చెప్పేవి కాగితాలే. మూణ్ణెల్లుగా ఏ ఆసుపత్రి చీటీ లేకపోతే, తగ్గిపోయి మానేశారేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. అదే ప్రతి నెలా ఓపీ చీటీ, ఫిజియోథెరపిస్టు రాసిన నోట్సు ఉంటే, వైద్యం చేయించినా ఇంత లోపం మిగిలిపోయిందని అవే సాక్ష్యం చెబుతాయి.

ఇక ఎక్కడికి వెళ్ళాలి. మీకు పెద్ద దిక్కు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి. అక్కడ న్యూరాలజీ విభాగం ఉంది, ఫిజియోథెరపీ ఉంది. ఓపీ చూడ్డానికి, పరీక్షలకి, వాళ్ళిచ్చే మందులకి డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి అక్కడికే తీసుకెళ్ళి న్యూరాలజీలో చూపించండి. రోజూ ఫిజియోథెరపీకి గుంటూరు వెళ్ళడం మీవల్ల కాదు, అది నాకు తెలుసు. అందుకని నరసరావుపేట ఏరియా ఆసుపత్రిలోనో, మీకింకా దగ్గరగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలోనో ఫిజియోథెరపిస్టు ఉన్నారేమో మీ ఏఎన్ఎం ద్వారా ముందే కనుక్కోండి. ఉంటే వారానికి రెండు రోజులు అక్కడికి, మిగతా రోజులు ఇంట్లో చేయించండి. మీకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు కాబట్టి ఆయన టికెట్ ఒక్కటే ఖర్చు. ఆధార్ కార్డు మర్చిపోకండి.

ఇంట్లో చేయించడం అన్నాను కదా, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఫిజియోథెరపిస్టు చూపించేటప్పుడు వాళ్ళ అనుమతి తీసుకుని మీ ఫోన్లో వీడియో తీసుకోండి. ఏ వ్యాయామం ఎన్నిసార్లు, ఏది చెయ్యకూడదు అన్నది చీటీ మీద రాయించుకోండి. చాలామంది ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటుంది. మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగుతారు, లేదా చంకలో చెయ్యి వేసి పైకి ఎత్తుతారు. పట్టు లేని భుజం అలా లాగితే కీలు జారి విపరీతమైన నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పికి భయపడి మనిషి వ్యాయామమే చెయ్యనంటాడు. చేతిని వదిలేసి, నడుముకి ఒక వెడల్పాటి గుడ్డ బెల్టులా కట్టి దాన్ని పట్టుకుని లేపండి. ముందు పక్కకి తిప్పి, కాళ్ళు మంచం కిందికి దించి, కూర్చోబెట్టి, అప్పుడు నిలబెట్టాలి. మీ నడుముకీ భారం తగ్గుతుంది. ఈ పద్ధతి చేయించి చూపించమని ఫిజియోథెరపిస్టుని తప్పకుండా అడగండి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకుండా కింద దిండు పెట్టండి.

మందుల ఖర్చు. నెలకి మూడు వేలంటే ఆ చీటీలో ఏదో అదనంగా ఉందనే అనుకుంటున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళకి సాధారణంగా తప్పనిసరి అయ్యేవి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ లాంటిది, బీపీ ఉంటే బీపీ మాత్ర, సుగరుంటే సుగరు మాత్ర. ఇవేవీ మందు అసలు పేరుతో, అంటే జెనరిక్‌గా కొంటే పెద్ద ఖరీదైనవి కావు. ఖరీదంతా చాలాసార్లు నరాల బలానికి, మెదడు చురుకుకి అని రాసే మాత్రల్లో ఉంటుంది. గుంటూరులో డాక్టరు దగ్గర ఆ చీటీ మొత్తం పరిచి ఒకే ప్రశ్న అడగండి. అయ్యా, వీటిలో ఏది ఆపితే ప్రమాదం, ఏది లేకపోయినా పర్లేదు అని. అడగడానికి మొహమాటపడొద్దు. మిగిలిన మందుల్ని కంపెనీ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో రాయమనండి. బీపీ, సుగరు మాత్రలు మీ పీహెచ్‌సీలో, ఊళ్ళోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా ఇస్తారు. అక్కడ దొరకనివి జన ఔషధి దుకాణంలో కొనండి. బయట బ్రాండు మాత్రతో పోలిస్తే సగానికి, చాలా వాటికి అంతకన్నా తక్కువకే వస్తాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ముఖ్యంగా బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర. డబ్బుల్లేవని వారం రోజులు ఆపితే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది, అది మొదటిదానికంటే గట్టిగా కొట్టొచ్చు.

ఆరోగ్యశ్రీ గురించి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, ఊళ్ళల్లో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం. రైస్ కార్డులో మీ ఆయన పేరు ఉందని ఉత్తరం బట్టి అర్థమైంది కాబట్టి మీకు వర్తిస్తుంది. పడిపోయిన రోజు కంగారులో ఏది దగ్గరుంటే అక్కడికి తీసుకెళ్ళారు, అది తప్పు కానే కాదు. అన్ని ప్రైవేటు ఆసుపత్రులూ ఈ పథకంలో ఉండవు, ఉన్నవాటిలోనూ అన్ని జబ్బులకీ అనుమతి ఉండదు. ఇకముందు చేర్చాల్సి వస్తే 104కి ఫోన్ చేసి, మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో అడగండి. బకాయిల గొడవలతో నెట్‌వర్క్ ఆసుపత్రులు మధ్యమధ్యలో సేవలు ఆపేస్తుంటాయి కాబట్టి వెళ్ళే ముందు అడగడం మంచిది. వెళ్ళాక ముందుగా పథకం తరఫున అక్కడ ఉండే ఆరోగ్య మిత్రని కలవండి. పథకం కింద చేర్చుకున్నాక ఆ చికిత్సకి విడిగా డబ్బు అడిగితే అదే 104కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఖర్చయిపోయిన లక్షా ఎనభై వేల సంగతి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టండి. మీ ఎమ్మెల్యే ఆఫీసులో గానీ ఎంపీ ఆఫీసులో గానీ తీసుకుంటారు. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు అడుగుతారు. మొత్తం తిరిగి రాదు, కొంత భాగం వస్తే వడ్డీ భారమైనా తగ్గుతుంది. డిశ్చార్జి అయి అయిదు నెలలు కావస్తోంది, ఇంకా ఆలస్యం చేస్తే తీసుకోకపోవచ్చు, అందుకే ఈ వారంలోనే వెళ్ళమంటున్నాను. ఒక జాగ్రత్త: బిల్లులు ఇచ్చేముందు ప్రతి కాగితం జిరాక్సు తీయించుకోండి. డిశ్చార్జి సమ్మరీ అసలుది, సీటీ స్కాన్ ఫిల్ము, దాని రిపోర్టు మాత్రం చేతి నుంచి పోనివ్వకండి. సదరం దగ్గర అవే కావాలి. డిశ్చార్జి సమ్మరీ అసలుదే ఇవ్వాలంటే, చేర్చిన ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో ఇంకో కాపీ ముద్ర వేయించి తెచ్చుకోండి.

ఇప్పుడు సదరం. సచివాలయంలో ఆరు నెలలు అన్నది వాళ్ళు కల్పించిన మాట కాదు. పక్షవాతం లాంటి నరాల జబ్బుల్లో జబ్బు పేరుని బట్టి కాదు, అది మిగిల్చిన లోపాన్ని బట్టి శాతం ఇస్తారు. ఆ లోపం ఎంతవరకు నిలిచిపోతుందో తేలడానికి మామూలుగా ఆరు నెలలు ఆగమని మార్గదర్శకాల్లోనే ఉంది. ఎంతకాలం ఆగాలన్నది చూసే డాక్టరు నిర్ణయం అని కూడా అందులోనే ఉంది. మీకిప్పుడు అయిదు నెలలు. పరీక్షకి తేదీలిచ్చే స్లాట్లు విడుదలైన వెంటనే నిండిపోతాయి. అందుకని ఆరో నెల నిండేదాకా ఊరుకోకుండా, ఆ తర్వాత తేదీకి స్లాటు ఎప్పుడు తెరుస్తారో సచివాలయంలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పరీక్షకి గానీ సర్టిఫికెట్‌కి గానీ ఎవరికీ లంచం ఇవ్వాల్సిన పని లేదు.

స్లాటు వేయించేటప్పుడు చెయ్యి, కాలుతో పాటు మాట ముద్దగా వస్తున్న సంగతి కూడా చెప్పండి. చాలామంది కాలూ చెయ్యీ చూపించి వచ్చేస్తారు, మాట సంగతి ఎవరికీ గుర్తురాదు. మాట లోపాన్ని విడిగా పరీక్షించి రెండిటినీ కలిపి శాతం లెక్కకడతారు. నేరుగా కూడరు, దానికొక పద్ధతి ఉంది, అయినా తేడా వస్తుంది.

గుంటూరులో చూపించినప్పుడు చీటీ మీద కేవలం పక్షవాతం అని కాకుండా ప్రస్తుత స్థితి రాయమని వినయంగా అడగండి. చేతిలో, కాలిలో కండరాల శక్తిని డాక్టర్లు సున్నా నుంచి అయిదు వరకు గ్రేడుల్లో రాస్తారు. సున్నా అంటే కదలికే లేదు. మూడు అంటే బరువు లేకుండా పైకి ఎత్తగలడు. అయిదు అంటే మామూలు మనిషి. భుజం ఎంత, మోచెయ్యి ఎంత, పిడికిలి పట్టు ఉందా లేదా, నడకకి మనిషి ఆసరా కావాలా, ఇవి తేదీతో సహా ఉంటే ఆ చీటీకి విలువ. ఫిజియోథెరపిస్టు నోట్సులో కూడా ఇవే ఉండాలి. అన్నీ ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టండి, పాతది అడుగున, కొత్తది పైన.

పరీక్ష రోజు ఇంకొకటి జరుగుతుంది, ముందే చెప్పి పెడుతున్నాను. ఇంట్లో చొక్కా వేసుకోవడానికి అరగంట పట్టే మగమనిషి, డాక్టరు ఎలా ఉన్నావయ్యా అనగానే బాగానే ఉన్నాను సార్ అంటాడు. నలుగురి ముందు పరువు. ఉన్న శక్తంతా కూడదీసుకుని నాలుగడుగులు చకచకా వేసి చూపిస్తాడు. ఆ మాట కాగితం మీదికెక్కితే తర్వాత మీరెంత చెప్పినా ప్రయోజనం ఉండదు. ఆయనతో ముందురోజే మాట్లాడండి. ఎక్కువ చేసి చెప్పనక్కర్లేదు, తక్కువ చేసీ చెప్పొద్దు. కుడిచేత్తో గ్లాసు పట్టుకోలేను, మెట్టు ఎక్కలేను, స్నానానికి నా భార్య కావాలి అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన మాట ముద్దగా ఉంది కాబట్టి పక్కన మీరుండి ఇవే చెప్పండి.

సర్టిఫికెట్ మొదట తాత్కాలికంగా ఇచ్చే అవకాశం ఉంది. కంగారుపడొద్దు. దాని మీద గడువు తేదీ ఉంటుంది, అది మీ గోడ క్యాలెండర్లో రాసిపెట్టుకుని ముగియకముందే మళ్ళీ స్లాటు వేయించండి. దాంతో పాటు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు కూడా తీసుకోండి, అది దేశమంతా చెల్లుతుంది. 40 శాతం లోపు వాళ్ళకి తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం రంగు కార్డు ఇస్తున్నారు. సర్టిఫికెట్ ఇవ్వడానికి అంతకుముందు నెల రోజులున్న గడువుని కేంద్రం 2024 అక్టోబరులో మూడు నెలలకి పెంచింది. కాబట్టి పరీక్షయిన వారానికే రాలేదని ఏ దళారీ దగ్గరికీ పరుగెత్తకండి. శాతం అన్యాయంగా తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే ఇచ్చింది. ఎక్కడ ఇవ్వాలో సచివాలయంలో అడిగి, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక ఆ ఇరవై వేలు అడిగిన మనిషి. ఇవ్వకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకి నెలకి 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. మీ ఆయన పట్టుకుంటే నడుస్తున్నారు. ఆయనది మొదటి రకం, రెండోది కాదు. 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు 15,000 తీసుకుంటున్నవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి మళ్ళీ పరీక్షించాయి. ఆ తర్వాత మిగతా దివ్యాంగుల పింఛన్లనీ తిరిగి చూశారు, చాలామందికి నోటీసులు వెళ్ళాయి. న్యాయంగా ఉన్నవాళ్ళే ఆ టెన్షన్‌తో నిద్రపోలేదు. అబద్ధం మీద నిలబెట్టిన పింఛను తీసుకుంటే ఎవరు తలుపు కొట్టినా మంచమెక్కి పడుకోవాల్సిన బతుకవుతుంది. నడవగలిగిన మనిషిని అలా పడుకోబెట్టమని చెప్పేవాడు మీ మంచి కోరేవాడు కాదు.

కొత్త పింఛన్ల దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు. ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడు సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్ళు ముందుంటారు, అందుకే సదరం పని ముందు పూర్తి చెయ్యమంటున్నాను. మీ అత్తగారి పింఛను విషయంలో మెలిక ఉంది. ఒక కార్డుకి ఒక పింఛను అన్నది మామూలు నియమం. వైకల్యం చాలా తీవ్రంగా ఉన్నవాళ్ళకి, డయాలసిస్ లాంటి జబ్బులున్నవాళ్ళకి మినహాయింపులున్నాయి. మీ ఆయనకి వచ్చే శాతాన్ని బట్టి ఇది తేలాలి. మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుని ఇప్పుడే కలిసి మీ కార్డు చూపించి అడగండి. అత్తగారు నిజంగానే వేరుగా ఉండి వేరుగా వండుకుంటుంటే కార్డు విడదీసుకోవడం తప్పేమీ కాదు. కలిసే ఉంటూ కాగితం మీద విడిపోవద్దు. విడదీసే పనున్నా ఆసుపత్రిలో చికిత్స నడుస్తుండగా పెట్టుకోవద్దు, పేర్లు అటూ ఇటూ అయ్యే రోజుల్లో ఆరోగ్యశ్రీ దగ్గర ఇబ్బంది రావచ్చు. మిగతా షరతులు కూడా అప్పుడే సరిచూసుకోండి: పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకి 10,000 లోపు, మాగాణి 3 ఎకరాల లోపు లేదా మెట్ట 10 ఎకరాల లోపు, కరెంటు వాడకం నెలకి 300 యూనిట్ల లోపు ఉండాలి. మీ పేరున ఇంకెవరిదైనా మీటరో భూమో ఆధార్‌తో తప్పుగా ముడిపడి ఉంటే దాన్ని సరిచేయించడానికే నెలలు పడుతుంది.

సర్టిఫికెట్ 40 శాతం వస్తే పింఛనుతో పాటు ఇంకొన్ని ఉన్నాయి. అడుగు ఈడ్చకుండా నడవడానికి కాలికి వేసే స్ప్లింటు, చేతికర్ర, చక్రాల కుర్చీ లాంటివి కేంద్రం ఏడీఐపీ పథకం కింద నెలసరి ఆదాయం 22,500 లోపు ఉన్నవాళ్ళకి పూర్తి ఉచితం. ఈ పరికరాలు తయారుచేసే అలింకో సంస్థ వాళ్ళ క్యాంపులు జిల్లాలో పెట్టినప్పుడు కొలతలు తీసుకుంటారు, జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో పేరు ఇచ్చి ఉంచండి. బస్సులో, రైల్లో రాయితీలు కూడా ఉన్నాయి. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి రైల్లో తోడు వచ్చేవాళ్ళకీ రాయితీ వర్తిస్తుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా మాత్రం ప్రమాదాలకే, పక్షవాతానికి రాదు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దు.

ఈ ఉత్తరం చదివే తెలంగాణ వాళ్ళకి ఒక ముక్క. అక్కడ దివ్యాంగుల పింఛను 4,016. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. సర్టిఫికెట్ పరీక్ష స్లాటు మీసేవలో గానీ యూడీఐడీ పోర్టల్లో గానీ వేసుకోవాలి. కంపెనీలో పనిచేస్తూ ఈఎస్ఐ కడుతున్నవాళ్ళు ఎక్కడున్నా ముందు ఈఎస్ఐ ఆసుపత్రికే వెళ్ళండి. వైద్యంతో పాటు పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో కొంత భాగం కూడా వస్తుంది, పక్షవాతం లాంటి దీర్ఘ జబ్బులకి ఆ గడువు ఎక్కువ. మీ ఆయనకి మేస్త్రి పనిలో ఈఎస్ఐ ఉండి ఉండదు. భవన నిర్మాణ కార్మికుడిగా లేబర్ కార్డు ఏనాడైనా తీసుకున్నారేమో మాత్రం పెట్టెలో వెతకండి. ఉంటే దాన్ని పట్టుకుని అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుని కలవండి.

ఆయన ఏడుపు, కోపం గురించి రాశారు. అది మీమీద కోపం కాదు చెల్లెమ్మా. పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది. మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కొంత, ఇటుక మీద ఇటుక పేర్చి ఇళ్ళు కట్టిన చెయ్యి ముద్ద కలపలేకపోతోందన్న దుఃఖం కొంత. ఇది కూడా జబ్బే, దీనికి కూడా మందుంది. న్యూరాలజీ డాక్టరుకి ఈ సంగతి మీరే చెప్పాలి, ఆయన చెప్పుకోరు. మనసు బాధల గురించి మాట్లాడడానికి టెలీ మానస్ అని 14416 నంబరుంది, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆయన మాట్లాడనంటే మీరు మాట్లాడండి.

ఇంట్లో అందరికీ ఒకటి నేర్పి ఉంచండి, మీ అత్తగారికి, పిల్లలుంటే పిల్లలకి కూడా. మూతి ఒక పక్కకి వంకర పోవడం, ఒక చెయ్యి పైకెత్తితే పడిపోవడం, ఉన్నట్టుండి మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనపడినా టైము చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్, ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇస్తేనే పనిచేస్తుంది. కాబట్టి పసరు తాగించడాలు, సూది పోట్లు పెట్టుకోకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్ళమని అడగాలి.

ఇక మీ నడుము. ఆయన్ని గుంటూరు తీసుకెళ్ళిన రోజే మీ పేరున కూడా ఓపీ చీటీ తీసుకోండి. బీపీ, సుగరు చూపించుకోండి, నడుము సంగతి ఆర్థో డాక్టరుకి చెప్పండి. వీలైతే ఇంట్లోంచి ఇంకొకరిని తోడు తీసుకెళ్ళండి. మీరు లోపల చూపించుకుంటున్నంతసేపు ఆయన దగ్గర ఒకరుండాలి కదా.